లైవ్ రాక్ లేకుండా ఉప్పునీటి ట్యాంకు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల చెన్నై నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఉప్పునీటి ట్యాంకు గురించే. అందులోనూ అందరినీ పట్టి పీడిస్తున్నది సైక్లింగే, అంటే చేపలు వేయకముందు ట్యాంకులో మంచి బాక్టీరియాను పెంచుకోవడమే. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే ఇచ్చాం.

ప్రశ్న (పెరంబూరు): మూడడుగుల ట్యాంకు కొన్నాను. రాళ్ళూ ఇసుకా పోను 120 లీటర్ల నీళ్ళు పడతాయి. లైవ్ రాక్ (సముద్రం నుంచి తీసిన, జీవులు అంటిపెట్టుకున్న పగడపు రాయి) లేకపోతే సముద్రపు ట్యాంకు నిలవదని దుకాణంలో చెబుతున్నారు. నాకేమో డ్రై రాక్ (జీవం లేని ఎండు రాయి), సిరామిక్ రింగులు మాత్రమే దొరికాయి. వీటితో మొదలుపెట్టవచ్చా? ఎంత నీటికి ఏం, ఎంత వేయాలో లెక్కతో సహా చెప్పండి.

జవాబు: నిక్షేపంగా మొదలుపెట్టండి. లైవ్ రాక్‌లో గొప్పతనం రాయిది కాదు, దాని రంధ్రాల్లో ఉండే బాక్టీరియాది. చేప వదిలే అమోనియాను కొన్ని బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తాయి, ఆ నైట్రైట్‌ను వేరే బాక్టీరియా నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు జట్లూ చాలినంత పెరిగేదాకా చేప వేయకుండా ఆగడమే సైక్లింగ్. వాటికి కావలసిందల్లా పట్టుకుని ఉండడానికి గరుకైన చోటు, ప్రాణవాయువు, తినడానికి అమోనియా, నీటిలో కాస్త క్షారగుణం. డ్రై రాక్ మీదా, సిరామిక్ రింగుల మీదా, ఆఖరికి మామూలు స్పాంజి మీదా అవి పెరుగుతాయి.

ఇంకో మాట కూడా ముందే చెప్పాలి. మన దేశంలో రాతి పగడాల జాతులన్నిటినీ 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. మన్నార్ సింధుశాఖ నుంచి తవ్వి తెచ్చే రాయి దొంగసొత్తే. పర్యాటక ప్రదేశాల్లో అమ్మే తెల్లటి ఎండు పగడం ముక్కలకూ ఇదే వర్తిస్తుంది, ప్రాణం లేదు కదా అని కొనకండి. లైవ్ రాక్ లేదన్న దిగులు మాని, డ్రై రాకే సరైన దారి అనుకోండి.

ముందు రాయి. డ్రై రాక్‌ను బ్రష్షుతో రుద్ది కడిగి, బకెట్టులో మునిగేలా నీళ్ళు పోసి మూడు నాలుగు రోజులు నానబెట్టండి. రోజూ నీళ్ళు మార్చండి. లోపల ఎండిపోయిన జీవపదార్థం ఉంటే నీళ్ళు వాసన కొడతాయి, ఆ వాసన పోయేదాకా మార్చాలి. సిమెంటుతో చేసిన రాయి అయితే ఈ పని వారాలు పడుతుంది. ఒక రోజంతా నానిన నీటి పీహెచ్ 8.5 లోపు ఉంటేనే ట్యాంకులో పెట్టాలి. మీ ట్యాంకుకు 8 నుంచి 10 కిలోల రాయి, ఫిల్టరులో లీటరున్నర సిరామిక్ రింగులు సరిపోతాయి. ఇసుక అరగొనైట్‌దే, అంటే సున్నపు రాయి రకానిదే వేయండి. ఇళ్ళు కట్టే ఇసుక వద్దు.

తర్వాత నీళ్ళు. మెట్రో వాటరైనా, బోరైనా, లారీ నీళ్ళైనా నేరుగా పోయకూడదు. ఇంట్లో తాగునీటి ఆర్‌ఓ మిషను ఉందని చాలామంది దాన్నే వాడతారు. అందులో రుచి కోసం ఖనిజాలు తిరిగి కలిపే అమరిక ఉంటుంది కాబట్టి టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న లవణాల కొలత) మీటరుతో చూడండి. 50, 80 చూపిస్తే ఆ నీళ్ళు పనికిరావు. పొర దాటి వచ్చిన నీటిని, ఖనిజాలు కలిసే చోటుకు ముందే పట్టి, మిగిలిన లవణాలను పట్టేసే డీఐ రెజిన్ గొట్టం గుండా పంపితే టీడీఎస్ సున్నాకు వస్తుంది.

120 లీటర్లకు ఆక్వేరియం ఉప్పు సుమారు 4.3 కిలోలు, అంటే లీటరుకు 36 గ్రాములు. కంపెనీని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఎప్పుడైనా నీళ్ళలో ఉప్పు వేయాలి, ఉప్పు మీద నీళ్ళు పోయకూడదు. అలా పోస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుగున పేరుకుంటుంది, మళ్ళీ కరగదు. పవర్ హెడ్ (నీటిని తిప్పే చిన్న పంపు) పెట్టి రాత్రంతా తిప్పి, మర్నాడు ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూస్తే 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు), అంటే సాపేక్ష సాంద్రత 1.026 దగ్గర ఉండాలి. రిఫ్రాక్టోమీటరును ఉత్త నీటితో సున్నాకు తిప్పి ఊరుకోకండి. అయోడిన్ కలపని ఉప్పు 36.5 గ్రాములు 963.5 గ్రాముల ఆర్‌ఓ నీటిలో కరిగిస్తే ఆ ద్రావణం సరిగ్గా 35 చూపించాలి. చూపించకపోతే మరను అక్కడికి తిప్పండి.

ఇక అసలు సంగతి, అమోనియా. ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు వాడే నవాసారమే అమోనియం క్లోరైడు. బజారు సరుకులో లోహాల మలినాలు ఉండవచ్చు కాబట్టి, లాబొరేటరీ రకం అని రాసి ఉన్న డబ్బానే కెమికల్ కొట్లో అడిగి తీసుకోండి. మీ ట్యాంకుకు 2 పీపీఎం (లీటరుకు 2 మిల్లీగ్రాముల) అమోనియా కావాలంటే 0.72 గ్రాములు చాలు. ఇంట్లో తూకాలకు అంత చిన్న బరువు అందదు. అందుకే 10 గ్రాములు తూచి, ఆర్‌ఓ నీటిలో కరిగించి, మొత్తం ఒక లీటరు చేసి సీసాలో ఉంచుకోండి. అందులో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది. మీ ట్యాంకుకు ఒక మోతాదు 72 మిల్లీలీటర్లు. సిరంజితో పవర్ హెడ్ ఎదుట వేయండి. సీసా మీద పేరు రాసి పిల్లలకు అందకుండా పెట్టండి. యూరియా వాడొద్దు, అది అమోనియాగా విడిపోవడానికి ఇంకో మెట్టు ఉంది, లెక్క తేలదు.

మొదటి మోతాదు వేసిన గంటకు పరీక్షిస్తే కిట్ (నీటిలో మందు చుక్కలు వేసి, వచ్చిన రంగును కార్డుతో పోల్చేది) 2 చూపించాలి. ఇక రోజు విడిచి రోజు అమోనియా, నాలుగో రోజు నుంచి నైట్రైట్ కూడా చూడండి. అమోనియా 0.5 కన్నా దిగాకే మళ్ళీ వేయాలి, అదీ సగం మోతాదే, 36 మిల్లీలీటర్లు. ఆత్రపడి రోజూ వేస్తే 5 పీపీఎం దాటిపోతుంది. అప్పుడు ఆ బాక్టీరియానే మందగిస్తుంది. నైట్రైట్ ఎక్కి, మళ్ళీ దిగి సున్నాకు వచ్చాక చివరి పరీక్ష: పూర్తి మోతాదు వేసి, సరిగ్గా 24 గంటలకు అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా వస్తే సైకిల్ అయినట్టు. దుకాణంలో అమ్మే బాక్టీరియా సీసా వాడితే రెండు మూడు వారాల్లో, వాడకపోతే ఐదు నుంచి ఎనిమిది వారాల్లో ఈ రోజు వస్తుంది. క్యాలెండరు చూసి చేప వేయకండి, కిట్ చూసి వేయండి.

ఈ రోజులన్నీ లైటు ఆర్పి ఉంచండి. పంపులన్నీ కలిపి గంటకు 1,200 నుంచి 2,400 లీటర్లు తిప్పేలా, నీటి పైభాగం ఎప్పుడూ అలలాడేలా చూడండి. ఆవిరైన నీటి బదులు ఉత్త ఆర్‌ఓ నీళ్ళే పోయండి, ఉప్పు ఆవిరవదు కదా. గాజు మీద టేపుతో గీత పెట్టుకుంటే ఎంత తగ్గిందో రోజూ కంటికి తెలుస్తుంది.

ప్రశ్న (సాలిగ్రామం): 31 రోజులైంది. అమోనియా వేసిన మర్నాటికి సున్నా. నైట్రైట్ మాత్రం పది రోజులుగా కార్డులో చివరి రంగు, ముదురు ఊదా దగ్గరే ఆగిపోయింది. నైట్రేట్ చూస్తే ఎర్రగా, కార్డు దాటిపోయింది. నీళ్ళు పారబోసి మొదటి నుంచి చేయాలా?

జవాబు: పారబోయకండి అమ్మా, మీ పని మూడొంతులు అయిపోయింది. జరిగిందేమిటంటే, అమోనియా సున్నా అయిన ప్రతిసారీ మీరు పూర్తి మోతాదు వేస్తూ వచ్చారు. 17 గ్రాముల అమోనియా నుంచి 46 గ్రాముల నైట్రైట్ పుడుతుంది. అంటే 2 పీపీఎం అమోనియా 5.4 పీపీఎం నైట్రైట్ అవుతుంది. అలా నాలుగు సార్లు వేస్తే నైట్రైట్ 20 దాటుతుంది, కార్డేమో 5 దగ్గరే ఆగుతుంది. లోపల 20 నుంచి 8కి దిగినా మీ కంటికి అదే ఊదా. ఆగిపోయిందో, దిగుతోందో మీకు తెలిసే దారి లేదు.

అందుకని నీళ్ళు పలచన చేసి చూడండి. సూది లేని సిరంజితో ట్యాంకు నీళ్ళు 0.5 మిల్లీలీటరు, ఆర్‌ఓ నీళ్ళు 4.5 మిల్లీలీటర్లు గొట్టంలో పోసి మామూలుగా పరీక్షించండి. వచ్చిన అంకెను పదితో గుణించండి. మూడు రోజులకోసారి ఇలా చూస్తే అసలు నడక తెలుస్తుంది.

మీ నైట్రేట్ అంకెను ఇప్పటికి పక్కన పెట్టేయండి. నైట్రేట్ కిట్ నైట్రేట్‌ను ముందు నైట్రైట్‌గా మార్చి, ఆ రంగు చూపిస్తుంది. నీటిలో అప్పటికే నైట్రైట్ ఉంటే దాన్నీ కలిపి చూపిస్తుంది. నైట్రైట్ సున్నా అయ్యేదాకా ఆ కిట్ మాట నమ్మలేం.

ఇప్పుడు చేయవలసింది: అమోనియా వేయడం పూర్తిగా ఆపండి. క్షారగుణం పరీక్షించండి, దాని కొలత పేరు డీకేహెచ్. ప్రతి 2 పీపీఎం అమోనియా మారడంలో సుమారు 0.65 డీకేహెచ్ ఖర్చవుతుంది. నెల రోజులు వేశారు కాబట్టి 9 నుంచి 5, 6కు పడిపోయి ఉండొచ్చు. 7 కన్నా తక్కువుంటే వంట సోడా కలపండి. 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే 1 డీకేహెచ్ పెరుగుతుంది. విడిగా నీటిలో కరిగించి, రోజుకు ఒక్క డీకేహెచ్ మించకుండా పోయండి. బేకింగ్ పౌడర్ కాదు, వంట సోడానే.

ఇంకొక కారణం చాలామంది ఊహించనిది. నైట్రైట్ తినే బాక్టీరియాకు కొంచెం ఫాస్ఫేట్ కూడా కావాలి. లైవ్ రాక్ ఉంటే కుళ్ళే జీవపదార్థం నుంచి అది దొరుకుతుంది. శుభ్రంగా కడిగిన రాయి, సున్నా టీడీఎస్ నీళ్ళు, అమోనియం క్లోరైడు, ఇవి మాత్రమే ఉన్న ట్యాంకులో ఫాస్ఫేట్ అసలు ఉండకపోవచ్చు. చిటికెడు చేపల మేత నలిపి వేయండి, అంతే చాలు.

వారం చూసినా దిగకపోతే సగం నీళ్ళు మార్చండి. నీళ్ళు మారిస్తే బాక్టీరియా పోతుందన్న భయం వద్దు. అది రాయిని, ఇసుకను, రింగులను పట్టుకుని ఉంటుంది, నీళ్ళలో ఉండేది బహుకొంచెం.

ప్రశ్న (టి. నగర్): అవే నీళ్ళు. పొద్దున అమోనియా సున్నా అనిపిస్తుంది, రాత్రి ట్యూబులైటు కింద 0.25 అనిపిస్తుంది. ఏది నిజం?

జవాబు: చుక్కల కిట్లతో అందరికీ ఉన్న బాధే ఇది. పసుపుకూ, కాస్త ఆకుపచ్చ తిరిగిన పసుపుకూ తేడా ట్యూబులైటు కింద తేలదు. పగటి వెలుగులో, కిటికీకి వీపు పెట్టి నిలబడి, గొట్టాన్ని కార్డు తెల్లటి భాగానికి ఆనించి చూడండి. ఆ పక్కనే రెండో గొట్టంలో, అప్పుడే కలిపిన కొత్త ఉప్పునీటికి కూడా అదే పరీక్ష చేసి పెట్టండి. రెండూ ఒకే రంగులో ఉంటే మీ ట్యాంకులో ఉన్నది సున్నా. మంచినీటి కార్డు, ఉప్పునీటి కార్డు వేరు వేరు, సరైనది తీశారో లేదో చూసుకోండి.

ఏపీఐ కంపెనీ అమోనియా కిట్ అయితే 5 మిల్లీలీటర్ల నీటికి మొదటి సీసా నుంచి 8 చుక్కలు, రెండో దాని నుంచి 8 చుక్కలు, తర్వాత సరిగ్గా 5 నిమిషాలు. సీసాను నిలువుగా, తలకిందులుగా పట్టుకుని వదలాలి. పక్కకు వంచితే చుక్క చిన్నదవుతుంది. నైట్రేట్ కిట్ రెండో సీసాను 30 సెకన్లు గట్టిగా ఊపకుండా వాడితే అడుగున పేరుకున్న పొడి కలవదు, ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. పని అయ్యాక గొట్టాన్ని ఆర్‌ఓ నీటితో కడిగి బోర్లించండి. నిన్నటి మందు మరక కూడా 0.25గా కనిపించగలదు.

ప్రశ్న (విరుగంబాక్కం): ఒక సీసా బాక్టీరియా మొత్తం పోశాను. మూడు వారాలైనా అమోనియా కదల్లేదు. మందు నకిలీదా?

జవాబు: నకిలీ కానక్కర్లేదు, చచ్చిపోయి ఉండొచ్చు. పాలు తోడు పెట్టడం లాంటిదే ఇది. తోడు మంచిదైతే చెంచాడు చాలు, చెడితే గిన్నెడు పోసినా పెరుగు కాదు. అమోనియా తినే బాక్టీరియా విత్తనాల్లా నిద్రపోయి బతకలేదు, ఎండ తగిలినా, గడ్డకట్టినా పోతుంది. మే నెలలో కొరియరు వ్యానులో రెండు రోజులు తిరిగిన సీసాపై ఆశ పెట్టుకోకండి. తయారీ తేదీ చూసి, దుకాణంలో చల్లగా ఉంచిన సీసానే కొని, తెచ్చిన రోజే గట్టిగా ఊపి వాడండి.

రెండోది, సీసా మీద ఏం రాసి ఉందో చదవండి. బాసిల్లస్ పేరే ఉంటే అది అడుగున కుళ్ళిన మేతను తినేది, అమోనియాను నైట్రైట్ చేసేది కాదు. గది వేడిలో ఏడాదులు నిలిచేది కూడా అదే. మీకు కావలసింది నైట్రిఫైయింగ్ బాక్టీరియా, అదీ ఉప్పునీటికి పనికొచ్చే రకం. మంచినీటి రకం 35 పీపీటీలో పని చేయదు. పోశాక నాలుగైదు రోజులు యూవీ దీపం, స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) ఆపి ఉంచండి. మామూలు బాక్టీరియా అరగంటలో రెట్టింపవుతుంది, దీనికి సగం రోజు నుంచి ఒక రోజుకు పైగా పడుతుంది. ఇంతా చేసి వారం ఆగాలి.

ప్రశ్న (రాయపురం): కాశిమేడు నుంచి ఒక పచ్చి రొయ్య తెచ్చి వేస్తే చాలు, అమోనియా ఎందుకు అంటున్నారు మావాళ్ళు. ఇంకొకరు రెండు డామ్సెల్ చేపలు వేసి సైకిల్ చేయమన్నారు.

జవాబు: రొయ్యతో సైకిల్ అవుతుంది, కాదనం. కానీ అది ఎంత అమోనియా ఇస్తుందో ఎవరూ చెప్పలేరు. మొదటి రెండు రోజులు ఏమీ ఉండదు, నాలుగో రోజుకు ఒక్కసారి 8, 10కి ఎగబాకుతుంది. నీళ్ళు తెల్లగా మబ్బు పడతాయి, ప్రాణవాయువు తగ్గుతుంది, ఫ్లాటులో వాసన. తప్పదంటే పాత మేజోడులో కట్టి వేయండి, అమోనియా 2కు రాగానే మూటతో సహా తీసేయవచ్చు.

చేపలతో సైకిల్ మాత్రం చేయకండి. ఉప్పునీటి పీహెచ్ 8.2 దగ్గర, 27 డిగ్రీల వేడిలో, కిట్ చూపించే అమోనియాలో నూటికి 7, 8 వంతులు మొప్పలను కాల్చే విష రూపంలో ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీటిలో అది ఒక వంతు కూడా ఉండదు. మంచినీటి ట్యాంకులో తట్టుకున్న చేపను చూసి ఇక్కడ ధైర్యం చేయకూడదు. డామ్సెల్ బతికి బట్టకట్టినా మొప్పలు దెబ్బతిన్నట్టే. ఒక చిన్న డబ్బా రసాయనంతో అయ్యే పనికి ఒక ప్రాణిని అలా హింసించడం తప్పు, ఈ ఒక్క మాట గట్టిగానే చెబుతున్నాం.

ప్రశ్న (అడయారు): ఇంటి పక్కనే సముద్రం. ఆ నీళ్ళే తెస్తే ఉప్పూ మిగులుతుంది, బాక్టీరియా కూడా వస్తుంది కదా?

జవాబు: ఒడ్డు నీళ్ళు వద్దు. అడయారు, కూవం రెండూ నగరం మురుగును తెచ్చి అక్కడే కలుపుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలకు ఉప్పదనం పడిపోతుంది. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వరదతో ఎన్నూరు కడలిలోకి చమురు తెట్టు చేరిన సంగతి మరువకండి. సముద్రపు నీటిలో తేలే బాక్టీరియా కొద్దిదే, దాని కోసం ఈ మురికి తెచ్చుకోవడం గిట్టదు.

ప్రశ్న (అన్నానగర్): 24 గంటల పరీక్ష నెగ్గాను. ఇప్పుడు ఏ చేపలు, ఎన్ని? రాళ్ళ మీద గోధుమ రంగు పొర వస్తోంది, అది తప్పా?

జవాబు: ముందు సగం నీళ్ళు మార్చి నైట్రేట్ 20 లోపు తెండి. చేపలు తేవడానికి ఇంకా రోజులుంటే రెండు మూడు రోజులకోసారి సగం మోతాదు అమోనియా వేస్తూ ఉండండి, లేకపోతే పెంచిన బాక్టీరియా ఆకలికి తగ్గిపోతుంది. చేప వచ్చే రోజు నుంచి వేయకండి.

మొదట రెండు చిన్న క్లౌన్ చేపలు, అంతే. హేచరీలో పుట్టినవి అడగండి. మండపంలోని సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం, పరంగిపేటలోని అన్నామలై విశ్వవిద్యాలయం వీటి పిల్లలను పుట్టించే పద్ధతిని ఎప్పుడో సాధించాయి. సముద్రంలో పట్టినవాటికన్నా ఇవి మేతకు త్వరగా అలవాటు పడతాయి. ఏ చేపనైనా నాలుగు వారాలు విడి తొట్టిలో ఉంచి చూడండి. తర్వాత మూడు వారాలు ఆగి ఇంకొకటి. ఒక్కసారి ఐదు చేపలు వేస్తే రెండు చేపలకు సరిపడా పెరిగిన బాక్టీరియా తట్టుకోలేదు, అమోనియా మళ్ళీ కనిపిస్తుంది.

గోధుమ రంగు పొర డయాటమ్‌లు అనే సూక్ష్మమైన నాచు, కొత్త డ్రై రాక్ ట్యాంకుల్లో మామూలే. నీటిలో, ఇసుకలో సిలికా అయిపోతే వాటంతట అవే తగ్గుతాయి. లైటు ఆరు గంటలకు మించకండి. లైవ్ రాక్‌తో వచ్చే చిన్న పురుగులు, కోపిపాడ్‌లు (రొయ్యల కోవకు చెందిన అతి చిన్న జీవులు), గులాబీ రంగు పూత మీ ట్యాంకులో ఉండవు. వాటికి తొందర లేదు. మూడో నెలలో కొన్ని నత్తలు, ఒక సీసా కోపిపాడ్‌లు వేస్తే ఆ లోటు మెల్లగా పూడుతుంది.

ప్రశ్న (వేళచ్చేరి): వానాకాలం కరెంటు గంటల తరబడి ఉండదు. మండుటెండల్లో నీళ్ళు 33 డిగ్రీలకు పోతాయి. బాక్టీరియా చచ్చిపోతుందా?

జవాబు: 33 దగ్గర బాక్టీరియాకు ఏమీ కాదు, ప్రాణవాయువే తక్కువవుతుంది. చేపలు వచ్చాక మాత్రం 28కి మించకూడదు. నీటి మీదుగా ఫ్యాను తిప్పితే రెండు డిగ్రీలు తగ్గుతుంది, మన ఊరి ఉక్కకు అంతకన్నా ఆశించలేం. ఇంకా తగ్గించాలంటే నీటిని చల్లబరిచే చిల్లర్ మిషనే దారి.

కరెంటు పోతే రాయి మీది బాక్టీరియా కొన్ని గంటలు ఓర్చుకుంటుంది, మూతపడిన క్యానిస్టర్ ఫిల్టరులోది ఓర్చుకోదు. లోపలి నీటిలో ప్రాణవాయువు అయిపోయి కుళ్ళు మొదలవుతుంది. కరెంటు రాగానే ఫిల్టరు అలాగే తిరిగితే ఆ చెడునీళ్ళన్నీ ట్యాంకులోకి వస్తాయి. మూడు గంటలు దాటితే ఫిల్టరు ప్లగ్గు పీకి, అందులోని నీళ్ళు పారబోసి, రింగులను ట్యాంకు నీటితో ఒకసారి తొలిచి, అప్పుడే మళ్ళీ పెట్టండి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి, రెండు జతల సెల్లులు ట్యాంకు స్టాండులోనే ఉంచుకోండి.